పందికొక్కు ఇంటి గుట్టు



పొద్దున్నే పొలానికి పోతారు. వరి పిలకలు ఏటవాలుగా కొరికి పడి ఉంటాయి. గట్టు పక్కన తాజా మట్టి కుప్ప కనబడుతుంది. నల్లగొండ వరి మడిలోనైనా, మహబూబ్‌నగర్ పల్లి చేనులోనైనా ఇది చిన్న పందికొక్కు పనే. ఇంగ్లీషువారి ‘బ్యాండికూట్’ అనే మాట మన ‘పందికొక్కు’ నుంచే పుట్టింది.

దీని నడవడి తెలిస్తే సగం పని అయినట్లే. ఇది రాత్రిపూట తిరుగుతుంది. తల్లీపిల్లలు తప్పితే కలుగుకు ఒక్కటే ఉంటుంది. లోపలికి పోయి ద్వారం మట్టితో మూసుకుంటుంది. కంకులు కొరికి అరల్లో దాస్తుంది. చూలు సుమారు మూడు వారాలే. ఈతకు ఆరేడు పిల్లలు. గట్టుకు గండి పడితే పంటతోపాటు నీళ్ళూ పోతాయి.

కాబట్టి వరి పొట్టకు రాకముందే మేలుకోవాలి. గింజ పడ్డాక అది మన ఎరను అంతగా ముట్టదు. సాయంత్రం కలుగులన్నీ మూసెయ్యండి. తెల్లవారి తెరుచుకున్నవాటిలో, కొత్త మట్టి పోసినవాటిలో కొక్కు ఉన్నట్లు. నూకలు 96 పాళ్ళు, మంచినూనె 2 పాళ్ళు, బ్రోమోడయోలోన్ మందు 2 పాళ్ళు కర్రతో కలిపి, 15 గ్రాముల పొట్లం కలుగు లోపలికి తోయండి. మందు పనిచేయడానికి కొన్ని రోజులు పడుతుంది, తొందరపడకండి. పిల్లలు, పశువులు దాని దగ్గరికి పోకుండా చూడండి. చచ్చిన కొక్కులను పాతిపెట్టండి.

ఒక్క మాట. మీరొక్కరే చేస్తే, పక్క మడి కొక్కు వచ్చి మీ ఖాళీ కలుగులో కాపురం పెడుతుంది. అందుకే ఊరంతా కలిసి ఒకే రోజున పూనుకోండి.