రోటవేటరు షాఫ్టు క్రాసు అరిగినచో
ట్రాక్టరు నుండి రోటవేటరును త్రిప్పు పి.టి.ఓ. షాఫ్టునకు రెండు చివరల క్రాసులుండును. "ఈ మడి దున్ని మార్పింతము" అని అరిగిన క్రాసుతోనే పని సాగించుట కద్దు. నిమిషమునకు 540 చుట్లు తిరుగు షాఫ్టు ఊడినచో దగ్గర నున్నవారి ప్రాణమునకే ముప్పు.

ఇంజను ఆపి, తాళపుచెవి తీసి, షాఫ్టును చేతితో కదల్చి చూడుడు. క్రాసు వద్ద వదులుగా ఆడినను, కప్పుల అంచున ఎఱ్ఱని తుప్పుపొడి కనిపించినను ఇక గ్రీజుతో లాభము లేదు, మార్చవలసినదే.

క్రొత్త కప్పులోని సూది బేరింగులలో ఒక్కటి అడ్డము పడినను కప్పు పూర్తిగా దిగదు, లాకు కూర్చొనదు. అప్పుడు సుత్తితో బాదరాదు. కప్పు తీసి, సూదులను గ్రీజుతో అంటించి మరల నొక్కవలెను. షాఫ్టు రెండు ముక్కలను కలుపునపుడు లోపలి యోకులు రెండును ఒకే వరుసలో నుండవలెను. లేనిచో అదరి, క్రొత్త క్రాసును త్వరలోనే అరుగును. గట్టు వద్ద పి.టి.ఓ. ఆపిన పిదపనే రోటవేటరును పైకెత్తుడు.