చుట్ట అంటించడానికి ఏ బంక?

ఇంట్లోనే చుట్టలు చుట్టుకునే అమ్మలు, "అంచు అంటించడానికి ఏ బంక మంచిది సిస్టరమ్మా?" అని మమ్మల్ని అడుగుతుంటారు. "అసలు చుట్టే వద్దు" అంటాము. కాని అంతటితో ఊరుకుంటే చేతికందినది పూసేస్తారు.

అన్నం గంజి గాని, ఉడికించిన మైదా బంక గాని రవ్వంత చాలు. దారం కడితే అదీ అక్కరలేదు. వడ్రంగులు వాడే తెల్లబంక వద్దు. కాలితే ఆ పొగ కూడా లోపలికే పోతుంది. పుస్తకాలంటించే బంక అసలే వద్దు. పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలుపుతారు, అది విషం. నాలుకతో తడపకండి. తడి పొగాకు పట్టుకుంటే నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి దిగి వికారం, తలతిప్పు వస్తాయి. చేతులు సబ్బుతో కడిగాకే పసిబిడ్డను ఎత్తుకోండి.

బంక మార్చినా క్యాన్సర్ భయం తగ్గదు, అది పొగాకులోనే ఉంది. నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే అలవాటు శ్రీకాకుళం, విశాఖ తీరాన స్త్రీలలో ఎక్కువ. వారికి క్యాన్సర్ అంగిట్లో వస్తుంది. అంగిలి తెల్లబడినా, ఎర్రమచ్చ కనబడినా, పుండు రెండు వారాల్లో మానకపోయినా, నొప్పి లేదు కదా అనుకోక ఓపీకి రండి. చుట్ట మానదలచినవారు 1800-11-2356కు ఉచితంగా ఫోను చేయవచ్చు.