కృతజ్ఞత వేరు, మౌనం వేరు

నెల్లూరు జిల్లా పడమటి మెట్టన ఉదయగిరి, ఆత్మకూరు వైపు నుండి కువైట్‌కు వలస వెళ్ళిన ముస్లిం కుటుంబాలు ఉన్నాయి. ఆ సంపాదనతో అప్పులు తీరాయి, ఆడబిడ్డల నికాహ్‌లు జరిగాయి, పిల్లలు చదువుకున్నారు. అన్నం పెట్టిన దేశానికి కృతజ్ఞత చూపడం మన ధర్మం. మనుషులకు కృతజ్ఞత తెలుపనివాడు అల్లాహ్‌కూ తెలుపనివాడేనని దైవప్రవక్త (స) బోధించారు.

అయితే కృతజ్ఞత అంటే అన్యాయాన్ని మౌనంగా భరించడం కాదు. కఫాలా పద్ధతిలో కార్మికుని నివాస అనుమతి యజమానితో ముడిపడి ఉంటుంది. చెప్పకుండా పని విడిచినవారిపై పరారీ ఫిర్యాదు చేయవచ్చు. కువైట్ 2015లో తెచ్చిన 68వ చట్టం ఇంటిపనివారికి రోజుకు 12 గంటల పరిమితిని, వారాంతపు సెలవును కల్పించింది. వారి పాస్‌పోర్టును యజమాని తన వద్ద ఉంచుకోరాదన్నది. వసతి భద్రత మరొక ఆవేదన. 2024 జూన్ 12న మంగఫ్‌లో కార్మికులు నివసించే భవనం కాలిపోగా, 45 మంది భారతీయుల మృతదేహాలు స్వదేశానికి చేరాయి.

కనుక ప్రయాణానికి ముందే ఒప్పందపత్రాన్ని చదివించుకోండి. పాస్‌పోర్టు, వీసా నకళ్ళను ఇంటివద్ద భద్రపరచండి. చెమట ఆరకముందే కూలి చెల్లించాలన్న ప్రవక్త బోధను అక్కడి యజమానికి గుర్తుచేయడం కృతఘ్నత కాదు. మన ఇంట, మన దుకాణంలో పనిచేసేవారి విషయంలో ఆ బోధ మనకూ వర్తిస్తుంది.