తిలాండ్సియా × ఫ్లోరిడానా: ఒక సహజ సంకరం, ఒక ముక్కుపురుగు

అనాసపండు ఎరుగని వ్యవసాయ విద్యార్థి ఉండడు. అయితే అనాస చెందిన బ్రొమీలియేసీ కుటుంబంలో అనేక జాతులు చెట్ల కొమ్మలను ఆధారం చేసుకుని పెరిగే వృక్షోపజీవులన్న సంగతి తరగతి గదిలో అరుదుగా ప్రస్తావనకు వస్తుంది. ఇవి ఆతిథ్య వృక్షం నుంచి ఆహారాన్ని గ్రహించవు. వేర్లు పట్టు కోసమే. నీటిని, లవణాలను ఆకులపైనున్న పొలుసుల వంటి కేశాలు పీల్చుకుంటాయి. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో కనిపించే తిలాండ్సియా × ఫ్లోరిడానా అట్టి మొక్కలలో ఒకటి.

పేరులోని గుణకార చిహ్నం సంకరాన్ని సూచిస్తుంది. దీని జనకులు తిలాండ్సియా ఫాసిక్యులేటా, తిలాండ్సియా బార్ట్రామి. మొదటిది దృఢమైన వెడల్పాటి ఆకులతో, ఎర్రని పుచ్ఛాలతో పెరిగే పెద్ద మొక్క. రెండవది సూదుల వంటి బూడిదరంగు ఆకుల గుబురు. సంకరంలో ఈ లక్షణాలు మధ్యస్థంగా కనిపిస్తాయి. ఎల్. బి. స్మిత్ తొలుత ఉంచిన పేరును అనంతరం హెచ్. లూథర్ సంకర హోదాకు మార్చారు. ప్రజననకారుని ప్రమేయం లేకుండా, ఇరు జనకులు ఒకే తావున ఒకే కాలంలో పూచినపుడే ఇటువంటి కలయిక సాధ్యమవుతుంది. కావున జనక జాతి తరిగిన కొద్దీ కొత్త సంకరాలు పుట్టే అవకాశమూ తరుగుతుంది.

ఇక్కడే అసలు ప్రమాదం. 1989లో ఫ్లోరిడాలో మెటమాసియస్ కాలిజోనా అనే ముక్కుపురుగును గుర్తించారు. మెక్సికో నుంచి దిగుమతి చేసుకున్న అలంకరణ బ్రొమీలియడ్లతో అది ప్రవేశించింది. పిల్లపురుగు కాండంలోకి తొలిచి విభాజ్య కణజాలాన్ని తినివేయడంతో మొక్క నడిమి మొవ్వ ఊడివచ్చి మరణిస్తుంది. బార్ట్రామి కాండం పురుగు ఎదుగుదలకు చాలనంత సన్నం గనుక బ్రతికిపోతుంది. ఫాసిక్యులేటా మాత్రం బలి అవుతోంది. ఒకప్పుడు సమృద్ధిగా ఉన్న ఈ జాతి నేడు ఆ రాష్ట్ర అంతరించిపోతున్న మొక్కల జాబితాలో ఉంది.

అడవి చెట్ల శిఖరాలపై కీటకనాశని పిచికారీ ఆచరణసాధ్యం కాదు. హోండురస్ నుంచి తెచ్చిన లిక్సాడ్మోంటియా ఫ్రాంకి అనే పరాన్నజీవి ఈగను 2007లో విడుదల చేశారు గాని, ఆశించిన అదుపు లభించలేదు. జీవనియంత్రణ ప్రతిచోటా ఫలిస్తుందన్న ధీమా విద్యార్థులకు తగదు.

మన మన్యం ప్రాంతాలలో అనాసను పిలకల ద్వారానే వ్యాప్తి చేస్తున్నారు. కాండంలో దాగిన పురుగు పిలకతో పాటు సులువుగా ప్రయాణిస్తుంది. అలంకరణ బ్రొమీలియడ్లు కూడా నర్సరీలకు చేరుతున్న ఈ రోజులలో, 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వును విస్తరణ శాస్త్రవేత్తలు నర్సరీదారులకు వివరించవలసి ఉంది. కొత్తగా వచ్చిన మొక్క మొవ్వను మెల్లగా లాగి చూడడం ఎవరైనా చేయగల పరీక్ష.