సాయం చేసేవాళ్లు పదిమంది... లిస్టు మాత్రం ఒక్కటే ఉండాలి

నాగులేరు పొంగితే దాచేపల్లిలో అన్నం పెట్టే చేతులకు కొదవుండదు. చిక్కంతా లిస్టు దగ్గరే. మసీదు కమిటీది ఒకటి, వీఆర్వోది ఇంకొకటి, కుర్రాళ్ల వాట్సాప్ గ్రూపుది మూడోది. రోడ్డు మీది ఇంటికి మూడు ప్యాకెట్లు వెళ్తే, లోపలి సందులో ముసలమ్మకు ఒక్కటీ అందదు. రేషన్ కార్డు చూసి రాసే లిస్టులో పత్తి తీతకు వచ్చిన వలస కూలీల పేర్లే ఉండవు.

ఈ చిక్కుకు శ్రీలంకవాళ్లు ఒక దారి చూపించారు. 2004 డిసెంబర్ 26న మన గుంటూరు, ప్రకాశం తీరాన్నీ తాకిన సునామీ, అక్కడ 30 వేల మందికి పైగా ప్రాణాలు తీసింది. అప్పుడు అక్కడి సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు కొద్ది వారాల్లోనే 'సహన' అనే ప్రోగ్రాం రాశారు. మనకు సహనం అంటే సబర్ కదా, సింహళంలో సహన అంటే ఊరట! తప్పిపోయినవాళ్లెవరు, ఏ క్యాంపులో ఎంతమంది, ఏ సంస్థ ఎక్కడ ఉంది, ఎక్కడ ఏం కావాలి, అన్నీ అందులో ఒకేచోట కనిపిస్తాయి. కోడ్ కూడా దాచుకోలేదు. ఫీజు లేదు, ఎవరైనా తీసుకుని తమకు కావలసినట్టు మార్చుకోవచ్చు. ఓపెన్ సోర్స్ అంటే ఇదే. అందుకే 2005 అక్టోబర్‌లో పాకిస్తాన్ భూకంపం వచ్చినప్పుడు అక్కడి ప్రభుత్వ సంస్థ నాద్రా దాన్నే వాడుకోగలిగింది.

2018 ఆగస్టు వరదల్లో కేరళలో వాలంటీర్ ఇంజినీర్లు, విద్యార్థులు, రాష్ట్ర ఐటీ మిషన్ కలిసి 'కేరళ రెస్క్యూ' నడిపారు. దాని కోడూ ఓపెనే. అయితే కోడ్ కంటే ఫోన్లే ఎక్కువ పని పెట్టాయి. ఒకే ఇంటి కోసం గల్ఫ్‌లో ఉన్న కొడుకూ, ఇక్కడి మేనల్లుడూ, పక్కింటివాళ్లూ అందరూ అర్జీ పెడతారు. వాళ్లను పడవలో ఒడ్డుకు చేర్చాక కూడా ఆ అర్జీ తిరుగుతూనే ఉంటుంది. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి నిజం తేల్చుకోవడం మనుషుల పనే.

మన ఊరికి అంత పెద్ద ఏర్పాటు అక్కర్లేదు. ఓడీకే కలెక్ట్ అనే ఉచిత యాప్ మామూలు ఆండ్రాయిడ్ ఫోన్లో, సిగ్నల్ లేకపోయినా వివరాలు రాసుకుంటుంది. సిగ్నల్ రాగానే పంపిస్తుంది. సందులు, మిట్ట నేలలు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఎండాకాలంలోనే గుర్తించి పెట్టుకోవచ్చు.

ఒక్క జాగ్రత్త. ఓపెన్ అన్నది కోడ్‌కే, పేర్లకు కాదు. ఒంటరి ఆడవాళ్ల ఫోన్ నంబర్లు, ఆధార్ వివరాలు అమానత్. వాట్సాప్‌లో తిప్పకూడదు. లిస్టు తెరిచే పాస్‌వర్డ్ ఎవరెవరి దగ్గర ఉండాలో మసీదు కమిటీ, సచివాలయం, ఊరి యువకులు వాన పడకముందే కూర్చుని మాట్లాడుకోవాలి. ఇంకో ప్రశ్న కూడా అప్పుడే తేల్చుకోవాలి: ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు ఉంటే ఒక కుటుంబమా, రెండా?