కొండమీది పొగ



ఒక కార్తికమాసమున మేము తిరుమలకు పోయితిమి. క్రింద తిరుపతిలో ఎండ కాయుచుండెను. ఘాటుదారిలో సగము దూర మెక్కునప్పటికి తెల్లని పొగ క్రమ్మి దారి కానరాకుండెను.

"అమ్మా, కొండ కాలుచున్నదా?" అని మా చిన్నది యడిగెను.

"పొగ కాదు తల్లీ, మబ్బు" అంటిని.

"సూర్యునికి దగ్గరైతిమి గదా, ఇచ్చట చలి యేల?" అని మరల నడిగెను. కావ్యములు చదివితి నన్న మాటయే కాని నాకు సమాధానము తోచలేదు. "ఊరకుండు" మని కసరితిని. బిడ్డ మొగము చిన్నబోయెను. ఆ మొగము నన్ను వెంటాడినందుననే, ఇంటికి వచ్చి బడిలో పాఠములు చెప్పు మా వారి నడిగి యీ సంగతి తెలిసికొంటిని.

సూర్యుడు సుమారు 15 కోట్ల కిలోమీటర్ల దూరమున నున్నాడు. 850 మీటర్ల కొండ యెక్కి మన మాయనకు దగ్గరైన దెంత? ఎండ ముందుగా నేలను కాచును. నేల తన్ను తాకిన గాలిని వెచ్చచేయును. వెచ్చని గాలి తేలికయై పైకి లేచును. సముద్రపు గాలి కొండకు తగిలినను పైకే లేవవలయును. పైన వాయుపీడనము తక్కువ గనుక గాలి విప్పారును. విప్పారుటకు తన వేడినే వెచ్చించి చల్లబడును. సైకిలు చక్రములోని గాలి విడిచినపుడు వ్రేలికి చల్లగా తగులుట చూచియే యుందురు. మబ్బు పట్టనంతవరకు కిలోమీటరునకు సుమారు 10 డిగ్రీలు తగ్గును.

30 డిగ్రీల వేడిలో ఘనపు మీటరు గాలియందు 30 గ్రాముల యావిరి యిముడును. 20 డిగ్రీలలో 17 గ్రాములే. మిగిలినది, చన్నీటి చెంబు వెలుపల చెమర్చినట్లు, గాలిలోని ధూళి, ఉప్పు, పొగరేణువులపై చేరి మబ్బగును. మేఘము పుట్టుకలో పొగకును పాలిచ్చిన కాళిదాసును తలచి సంతోషించితిని.

నేలయొద్ద గాలి యెన్ని డిగ్రీలు చల్లబడిన తేమ నీరగునో చూచి, డిగ్రీ కొకటికి సుమారు 125 మీటర్ల చొప్పున లెక్కించిన మేఘపుటడుగు తెలియును. తేమగల కార్తికమున ఆ భేదము 4 డిగ్రీలైన, మబ్బు 500 మీటర్లయెత్తున, అనగా కొండనడుమనే, పట్టును. వేసవిలో 20 డిగ్రీలైన 2500 మీటర్లు, కొండ యందదు. మన దేశమున 5 కిలోమీటర్లు దాటిన చలి నీటిని గడ్డకట్టించునంతటిది. మిక్కిలి యెత్తున ఈకలవలె కనబడు మబ్బులన్నియు మంచుపలుకులే.

ఇదంతయు చిన్నదానికి చెప్పితిని. అది చన్నీటి చెంబు తెచ్చి, తుడిచి, మరల చెమర్చుట చూచి, "చెంబునకు మబ్బు పట్టినదమ్మా!" అని గంతులు వేసెను. వెంటనే, "నీళ్లైనచో మబ్బు క్రింద పడదేల?" అనెను.

పొయ్యిమీద పప్పు మాడుచున్నను, ఈసారి కూర్చుండి చెప్పితిని.