ఆకు కణంలో పచ్చరేణువుల లెక్క ఎవరు చూస్తారు?

మీర్ ఆలం మండీలో పొద్దున్నే దిగే పాలకూర కట్టలోంచి ఒక ముదురు ఆకు తీసి సూక్ష్మదర్శిని కింద చూస్తే, ఒక్కో కణంలో వందకు పైగా హరితరేణువులుంటాయి. మొక్క కొనలో అప్పుడే పుట్టిన కణంలోనైతే వాటి తొలిరూపాలు పది ఇరవై ఉంటాయంతే.

మరి ఇన్ని ఎక్కడివి? కణం హరితరేణువును కొత్తగా తయారుచేయలేదు. ఉన్నదే రెండుగా చీలాలి. ఎందుకంటే వంద కోట్ల ఏళ్లకు ముందే ఇవి స్వతంత్రంగా బతికిన సయనోబాక్టీరియా. ఆ పాత అలవాటు ఇంకా పోలేదు. బాక్టీరియా చీలడానికి వాడే ఎఫ్‌టీఎస్‌జెడ్ ప్రోటీనే ఇక్కడా లోపల, నడుము దగ్గర ఉంగరంలా చేరుతుంది. బయట ఏఆర్‌సీ5 అనే ప్రోటీన్ ఇంకో ఉంగరం కడుతుంది. సంచి మూతి తాడు లాగినట్టు రెండూ బిగుస్తాయి. ఉంగరం సరిగ్గా మధ్యలోనే పడేలా మిన్‌డీ, మిన్‌ఈ అనే ప్రోటీన్లు చూసుకుంటాయి.

అసలు పగ్గం మాత్రం పీడీవీ1, పీడీవీ2 అనే ప్రోటీన్ల చేతుల్లో ఉంది. బయటి పొర మీదుండి ఏఆర్‌సీ5ను రప్పించేవి ఇవే. ఇవి పెరిగితే రేణువులు చిన్నవై ఎక్కువవుతాయి, తగ్గితే పెద్దవై కొన్నే ఉంటాయి. సైటోకైనిన్ హార్మోన్ వీటిని పెంచుతుంది. ఆకు ముదిరేకొద్దీ ఇవి తగ్గిపోతాయి, చీలిక నెమ్మదిస్తుంది.

అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో చీలికకు కావాల్సిన ఏఆర్‌సీ6 జన్యువు చెడితే కణానికి ఒకటో రెండో భారీ రేణువులే మిగులుతాయి. అయినా మొక్క బతుకుతుంది. కాకపోతే ఎండ మండేటప్పుడు చిన్న రేణువులు కణం పక్కగోడల వైపు జరిగి తప్పించుకుంటాయి. ఆ భారీ రేణువు అంత సులువుగా కదలలేదు.